ఒక్క గొంతుగా పాడడం: శ్రమదినాల సంఘగానం, దాని శిక్షణ, నిర్వహణ

(డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ స్మృతికి అంకితమైన ఉపన్యాస పాఠం)

స్కడర్ సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషన్ తరఫున 1863లో మదనపల్లె కేంద్రాన్ని నెలకొల్పిన డాక్టర్ జేకబ్ చాంబర్లేన్‌ను (1835–1908) ఈ ప్రాంతం వైద్యుడిగా, సువార్త ప్రచారకుడిగా, తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షత వహించిన పండితుడిగా గుర్తుపెట్టుకుంది. ఆయన చేసిన మరో పని అంతగా చర్చకు రాలేదు. అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి ఆరాధన క్రమాన్ని 1873లో తెలుగులోకి తెచ్చిన చాంబర్లేన్, ఆ తరువాత 1884లో బహిరంగ ఆరాధనలోనూ సామూహిక ప్రార్థనలోనూ పాడుకోదగిన తెలుగు పాటల సంపుటిని వెలువరించారు. ఆరాధన క్రమం చేతికి వచ్చిన సంఘానికి పాట కూడా చేతికి రావాలనీ, ఆ పాట గుడిలో కూర్చున్న ప్రతి ఒక్కరి నోటా పలకాలనీ భావించిన తరానికి చెందినవారాయన. అందువల్ల ఆయన స్మృతిలో వెలువడే ఈ ప్రసంగానికి శ్రమదినాల్లో సంఘం పాడే సులువైన పాటలను నేర్చుకోవడం, నేర్పడం, నడిపించడం అనే అంశం తగినదే.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం ఒక్కటే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లలో పదిహేను ఇరవై మంది గాయకులు, ఒక హార్మోనియం, వారానికి ఒక సాయంకాలం మాత్రమే ఉన్న గాయక బృందానికి శ్రమదినాల్లో శోభనిచ్చేది అరకొరగా అభ్యసించిన నాలుగు గొంతుల పాశ్చాత్య రచన కన్నా, మాట మాటా స్పష్టంగా, శ్రుతి తప్పకుండా, ఒక్క గొంతుగా పాడిన తెలుగు కీర్తన. సులువైన పాట అంటే తక్కువరకం పాట అన్న అపోహ తొలగితే తప్ప ఈ మాటలోని బలం తెలియదు గనుక, దాన్ని ముందుగా చరిత్ర నుంచి, తరువాత సంగీతశాస్త్రం నుంచి, చివరగా అభ్యాసగది నుంచి పరిశీలించవలసి ఉంది.

శ్రమదినాలు ఈ ఊళ్లకు వచ్చిన తీరు

శ్రమదినాలు అంటే భస్మ బుధవారం మొదలుకొని పునరుత్థాన పండుగకు ముందురోజు దాకా, ఆదివారాలను మినహాయిస్తే నలభై రోజుల పాటు, క్రీస్తు ఉపవాసాన్నీ శ్రమలనూ ధ్యానించే కాలం. ప్రొటెస్టెంటు సంఘాలు దీన్ని శ్రమదినాలనీ లెంట్ దినాలనీ అంటే, కథోలికులు తపస్కాలమంటారు. నలభై రోజుల లెక్క ఒకటే అయినా, ఈ కాలం ఈ మూడు ఊళ్లకు వేర్వేరు దారుల్లో చేరింది, ఆ దారుల గుర్తులు నేటికీ పాటల్లో కనిపిస్తాయి.

కథోలిక మార్గం పాతది. 18వ శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే ఫ్రెంచి జెస్విట్ గురువుల కర్ణాటక మిషన్ పుంగనూరు ప్రాంతంలో అడుగుపెట్టింది, తెలుగునాట ఆ మిషన్ తొలి స్థావరాల్లో పుంగనూరు ఒకటి. వారి ఆరాధనలో తపస్కాలానికి పెద్ద స్థానం ఉంది, ఆ స్థానం ఆరాధన నియమాల్లో ఈనాటికీ నిలిచి ఉంది. తపస్కాలమంతటా అల్లెలూయ గానం ఆగిపోతుంది, ఆదివారాల పూజలో పాడే మహిమ గీతం వినిపించదు, నాలుగో ఆదివారం, ప్రత్యేక పండుగలు తప్పించి వాద్యాలు పాటకు ఊతంగా మాత్రమే మోగాలి. శుక్రవారాల్లో పద్నాలుగు స్థలాల సిలువ మార్గం నడుస్తూ స్థలానికీ స్థలానికీ నడుమ ఒక చరణం పాడడం ఆనవాయితీ. 1963 డిసెంబర్ 4న రెండో వాటికన్ మహాసభ వెలువరించిన ఆరాధన నిబంధన స్థానిక భాషలకు తలుపు తెరిచిన తరువాత, అంతవరకు లాటిను మీద ఆధారపడిన సామూహిక పూజ తెలుగు పాటను లోపలికి పిలిచింది.

ప్రొటెస్టెంటు మార్గంలో ఒక మలుపు ఉంది. చాంబర్లేన్‌ను పంపిన రిఫార్మ్డ్ చర్చి మూలాలు జ్యూరిక్, జెనీవా సంస్కరణల్లో ఉన్నాయి, ఆ సంస్కరణలు శ్రమదినాల ఉపవాసాన్ని అనుమానంగానే చూశాయి. 1522లో జ్యూరిక్‌లో కొందరు ఉపవాస కాలంలో మాంసం తిని నియమాన్ని ధిక్కరించినప్పుడు అక్కడి సంస్కర్త జ్వింగ్లీ వారి పక్షాన ప్రసంగించాడు, జెనీవా సంస్కర్త కాల్విన్ కూడా ఈ నలభై రోజుల ఉపవాసం మూఢాచారంగా మారిందని విమర్శించాడు. ఆర్కాటు మిషన్ సంఘాలు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలోనూ, 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో కలిసి దక్షిణ ఇండియా సంఘంలోనూ (సి.ఎస్.ఐ.) చేరిన తరువాత ఆంగ్లికన్ ఆరాధన పంచాంగం వారి ఉమ్మడి ఆస్తి అయింది, 1963లో వెలువడిన సంఘపు సామాన్య ఆరాధన గ్రంథం ఆ పంచాంగాన్ని స్థిరపరిచింది. ఈ ప్రాంతపు సి.ఎస్.ఐ. గుళ్లలో నేడు సహజంగా అనిపించే శ్రమదినాల ఆచరణ ఇలా ఐక్యత బలపరిచిన వారసత్వం.

రెండు గాన సంప్రదాయాలు, ఒకే పాఠం

రిఫార్మ్డ్ సంఘం శ్రమదినాలను పక్కన పెట్టినా, శ్రమదినాలకు అక్కరకు వచ్చే గానపద్ధతిని మాత్రం పెంచి పోషించింది. జెనీవాలో 1562 నాటికి 150 దావీదు కీర్తనలూ ఫ్రెంచి ఛందస్సులో వరుసలతో సహా అచ్చయ్యాయి. ఆ వరుసలు రెండు లక్షణాల వల్ల ప్రత్యేకమైనవి: చాలావరకు అక్షరానికి ఒకే స్వరం, స్వరాల నిడివిలో దాదాపుగా రెండే రకాలు. చదువురాని వర్తకుడు సైతం వారంలో నేర్చుకోగలిగే ఈ కట్టడి ఉద్దేశపూర్వకంగా చేసిందే. క్లోద్ గూదిమెల్ 1565లో ఈ కీర్తనలకు నాలుగు గొంతుల కూర్పు చేసినప్పుడు కూడా, అది గుడిలో పాడేందుకు ఉద్దేశించినది కాదనీ, ఇళ్లలో దైవస్తుతికి పనికివచ్చేదనీ ముందుమాటలో స్పష్టం చేశాడు. గుడిలో సంఘమంతా ఒకే వరుసను ఒకే గొంతుగా పాడింది. న్యూయార్క్‌లోని డచ్ సంఘం 1767లో ఇంగ్లీషు కీర్తనల పుస్తకాన్ని అచ్చువేసినప్పుడు సైతం పాత వరుసలను వదులుకోలేక, ఇంగ్లీషు మాటలనే ఆ వరుసలకు ఒదిగేట్టు మలిపించుకుంది. ఆ సంఘపు వారసులే ఆర్కాటు మిషన్‌ను నడిపారు.

తెలుగువైపు సంప్రదాయం పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల చేతుల్లో రూపుదిద్దుకుంది. పల్లవి, అనుపల్లవి, చరణాలుగా సాగే కర్ణాటక కీర్తన నిర్మాణంలో క్రైస్తవ భావాన్ని నింపి, ప్రతి పాట తలపై రాగం, తాళం పేర్కొనే పద్ధతి ఆ కాలం నుంచే స్థిరపడింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో శ్రమలకు, సిలువకు సంబంధించిన పాటలు ఒక విభాగంగా ఉంటాయి, సంఘస్థులు వాటిని తరచు నెంబరుతోనే పిలుస్తారు. ఈ పాటలూ ఒక్క గొంతు పాటలే. ఈ సంగీతంలో గొప్పదనం గమకంలో, అంటే స్వరాన్ని కదిలించి పలికే తీరులోనూ, మాటకూ తాళానికీ మధ్య నడిచే సయోధ్యలోనూ ఉంటుంది, ఒకేసారి పలికే వేర్వేరు స్వరాల పేర్పు దీనికి మూలాధారం కాదు. జెనీవా, తెలుగు సంప్రదాయాలు పుట్టుకలో ఎంత దూరమైనవైనా, సంఘం గొంతు ఒక్కటిగా ఉండాలన్న విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నాయి.

ఈ ఏకగళ గానానికి మదనపల్లెలోనే మతానికి సంబంధం లేని ఒక ప్రసిద్ధ నిదర్శనం ఉంది. 1919 ఫిబ్రవరిలో బీసెంట్ థియసాఫికల్ కళాశాలలో అతిథిగా ఉన్న రవీంద్రనాథ ఠాగూర్ తన జనగణమన గీతాన్ని అక్కడి సభలో వినిపించగా విద్యార్థులు గొంతు కలిపారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య, సంగీతంలో పట్టభద్రురాలైన మార్గరెట్ కజిన్స్ ఆ వరుసను పాశ్చాత్య లిపిలో రాసిపెట్టారు, ఠాగూర్ ఆ గీతానికి ఇంగ్లీషు అనువాదాన్ని 28వ తేదీన అక్కడే సిద్ధం చేశారు. భాష తెలియని విద్యార్థులు సైతం వెంటనే అందుకోగలిగిన వరుస కావడం, దాన్ని కాగితం మీదకు ఎక్కించగల వ్యక్తి పక్కనే ఉండడం అనే రెండు కారణాలు కలిసి వచ్చినందువల్ల ఆ పాట ఆ కళాశాలలో నిలదొక్కుకుంది. గాయక బృందాన్ని నడిపేవారికి ఈ రెండు కారణాలూ పాఠాలే.

పాటను ఎంచుకోవడం

శ్రమదినాల పాటను ఎంచేటప్పుడు మొదట చూడవలసింది దాని స్థాయి విస్తృతి, అంటే అన్నిటికన్నా కింది స్వరానికీ పై స్వరానికీ మధ్య ఉన్న దూరం. శిక్షణ లేని గొంతు హాయిగా పలికే విస్తృతి ఇంచుమించు ఒక స్థాయి, అంటే షడ్జం నుంచి పై షడ్జం దాకా ఉండే ఎనిమిది స్వరాలు. కర్ణాటక సంగీతంలో కరుణరసానికి పేరుపడిన కొన్ని రాగాలు ఈ పరిమితిలోనే ఇమిడి ఉన్నాయి. నాదనామక్రియ, పున్నాగవరాళి రాగాలను నిషాదాంత్య రాగాలంటారు: మంద్ర నిషాదం దగ్గర మొదలై మధ్యస్థాయి నిషాదం దగ్గర ఆగిపోయే ఈ రాగాలు తార షడ్జాన్ని తాకవు. వాటిలో మొదటిది పిల్లలు స్వరాభ్యాసం మొదలుపెట్టే మాయామాళవగౌళకు జన్యం, రెండోది తోడికి జన్యం. వేదన పలికించే రాగమే గొంతును పైకి లాగకుండా తనంతట తానే ఆగిపోవడం సంఘగానానికి గొప్ప సౌకర్యం.

పాశ్చాత్య వరుసల్లోనూ ఇదే లక్షణాన్ని వెతకవచ్చు. ఐజాక్ వాట్స్ 1707లో ప్రచురించిన ప్రసిద్ధ సిలువ ధ్యాన గీతాన్ని అమెరికా సంఘాలు పాడుకునే హాంబర్గ్ అనే వరుసను లోవెల్ మేసన్ 1824లో పురాతన లాటిను గానం ఆధారంగా కూర్చాడు, దాని రాగమంతా ఐదే స్వరాల్లో తిరుగుతుంది. కొత్త బృందానికి శ్రుతి నిలపడం నేర్పేందుకు దీనికన్నా అనువైన పాట అరుదు. అయితే పాశ్చాత్య వరుసకు తెలుగు అనువాదాన్ని ఎంచేటప్పుడు ఒక మెలకువ అవసరం. ఇంగ్లీషు పద్యం ఊనిక మీద నడుస్తుంది, తెలుగు పద్యం గురులఘువుల మీద, అంటే అక్షరాల దీర్ఘహ్రస్వాల మీద నడుస్తుంది. దీర్ఘాక్షరం పొట్టి స్వరం మీదా, హ్రస్వాక్షరం పొడుగు స్వరం మీదా పడిన అనువాదాన్ని ఎంత బాగా పాడినా వినేవారికి అర్థం అందదు. అటువంటి పాటను పక్కన పెట్టి, అదే భావమున్న కీర్తనను తీసుకోవడమే మేలు.

సంఖ్య విషయంలోనూ పొదుపు అవసరం. శ్రమదినాల్లో ఆరు ఆదివారాలుంటాయి, ఈ కాలం సాధారణంగా ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల మధ్య పడుతుంది గనుక, బృందంలోని కుర్రకారు పదో తరగతి, ఇంటర్ పరీక్షల్లో మునిగి ఉంటారు. సంక్రాంతి దాటిన వెంటనే అభ్యాసం మొదలుపెట్టి, కాలమంతటికీ ఐదారు పాటలే తీసుకుని, వాటిలో ఒకటి ప్రతి ఆదివారం మళ్లీ మళ్లీ వినిపించేలా చేస్తే, మట్టల ఆదివారం నాటికి సంఘం దాన్ని పుస్తకం చూడకుండా పాడగలుగుతుంది. వారానికో కొత్త పాట పాడే బృందం తనకు తాను పాడుకుంటుందే తప్ప సంఘానికి ఏమీ మిగల్చదు.

వరుస నేర్పడం

నాయకుడు ముందు తాను పాటను నేర్చుకోవాలి. రాగం, తాళం పేర్లు పుస్తకంలో ఉన్నా స్వరాలు సాధారణంగా ఉండవు గనుక, పెద్దల దగ్గర వరుస విని, స్వరాలు రాసుకుని, పల్లవి తాళంలో ఎక్కడ ఎత్తుకోవాలో గుర్తించుకోవడం మొదటి పని. తాళం మొదటి దెబ్బను సమం అంటారు. పాట సమం మీదే మొదలైతే సమ ఎత్తుగడ, దెబ్బ పడిన తరువాత మొదలైతే అనాగత ఎత్తుగడ. సంఘాలు ఎక్కువగా తడబడేది ఈ రెండో రకంలోనే, కాబట్టి నాయకుడికి ఇది కంఠస్థం కావాలి.

అభ్యాసం మాటలతో మొదలవ్వాలి. వరుస ఎత్తుకోకముందు పాఠాన్ని అందరూ కలిసి, తాళం వేస్తూ, మాట్లాడే గొంతుతో రెండుసార్లు చదివితే, ఒత్తులు, విరుపులు, ఊపిరి తీసుకునే చోట్లు అప్పుడే స్థిరపడతాయి. తరువాత నాయకుడు ఒక పాదం పాడగా బృందం తిరిగి పాడాలి, తప్పు వచ్చిన చోట పాట మొత్తం మళ్లీ పాడించకుండా ఆ రెండు మూడు స్వరాలనే నెమ్మదిగా సరిదిద్దాలి. హార్మోనియంతో వరుస మొత్తాన్ని వాయిస్తూ నేర్పితే గాయకులు వాద్యం మీద ఒరిగిపోతారు, ఆధారషడ్జం, పంచమం మాత్రమే పట్టి ఉంచితే చెవి తానే దారి వెతుక్కుంటుంది. స్వరస్థానం నేర్పేందుకు సరిగమలు చాలు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో సారా గ్లవర్ రూపొందించగా జాన్ కర్వెన్ విస్తరించిన టానిక్ సోల్ఫా పద్ధతి సైతం, ఏ శ్రుతిలోనైనా మూలస్వరాన్ని ఒకే పేరుతో పిలిచే సూత్రం మీదే నిలబడింది, కర్ణాటక షడ్జం చేసే పనీ అదే.

శ్రుతిని నిర్ణయించడం నాయకుడి ముఖ్య బాధ్యత. హార్మోనియం తెల్ల మెట్లలో మొదటిదాన్ని ఒకటి శ్రుతి అనీ, వరుసగా రెండు, మూడు, నాలుగు, ఐదు శ్రుతులనీ లెక్కించడం వాడుక. ఒంటరిగా పాడే పురుషులు ఒకటికి దగ్గరగా, స్త్రీలు ఐదుకు దగ్గరగా పాడతారు గనుక, ఇద్దరూ కలిసి పాడేటప్పుడు పురుషులు ఒక స్థాయి కింద పలికేట్టు, పాట విస్తృతిని బట్టి రెండు మొదలు నాలుగు శ్రుతుల మధ్య ఒక చోటు ఎంచాలి. ఆ చోటు ఊహతో తేలదు. అభ్యాసంలో బృందంలోని అతి తక్కువ స్థాయి గొంతుతో మంద్ర స్వరాన్నీ, అతి చిన్న గొంతుతో పై స్వరాన్నీ పలికించి చూస్తేనే తేలుతుంది. ఉదయం ఆరాధనలో గొంతులు ఇంకా తెరుచుకోవు గనుక, సాయంకాల అభ్యాసంలో కుదిరిన శ్రుతిని అర మెట్టు తగ్గించడం అనుభవజ్ఞులకు తెలిసిన జాగ్రత్త.

ఊపిరి మరో అంశం. సంఘగానంలో ప్రతి ఒక్కరూ ఒకే చోట ఊపిరి తీసుకోవాలన్న నియమం పాదాంతానికి వర్తిస్తుంది, పొడుగు పాదం మధ్యలో మాత్రం పక్కవారు తీసుకోని చోట తాను తీసుకునే పద్ధతిని నేర్పితే పాట తెగకుండా సాగుతుంది. చివరి అక్షరాన్ని అందరూ ఒక్కసారే ముగించడం నేర్పడానికి పది నిమిషాలు వెచ్చిస్తే, మిగతా లోపాలు ఎన్ని ఉన్నా బృందం క్రమశిక్షణ గలదిగా వినిపిస్తుంది.

చేతితో నడిపించడం

పాశ్చాత్య నిర్వాహకుడు గాలిలో ఆకృతులు గీస్తాడు: నాలుగు దెబ్బల పాటకు కిందికి, లోపలికి, బయటికి, పైకి, మూడు దెబ్బల పాటకు కిందికి, బయటికి, పైకి. కర్ణాటక గాయకుడు తాళాన్ని అరచేతి దెబ్బలతో, వేళ్ల లెక్కతో, విసర్జితంతో, అంటే చేతిని తిప్పి వేసే సంజ్ఞతో చూపిస్తాడు. ఆదితాళంలో ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, విసర్జితం రెండేసి సార్లు కలిసి ఎనిమిది క్రియలు. మిశ్రచాపులో మూడు, నాలుగుగా విరిగే ఏడు మాత్రలు. కీర్తన పాడించేటప్పుడు ఎనిమిది మాత్రలను రెండు నాలుగు దెబ్బల ఆకృతులుగా గీయడం సాధ్యమే, కానీ మిశ్రచాపును పాశ్చాత్య ఆకృతిలో ఇరికిస్తే గాయకులు గందరగోళపడతారు. తెలుగు బృందం చిన్నప్పటి నుంచి చూసిన తాళక్రియనే నాయకుడు కుడిచేత చూపిస్తూ, ఎడమచేతిని ఎత్తుగడకు, శబ్దం తగ్గించేందుకు, ముగింపుకు వాడుకోవడం ఈ ప్రాంతానికి తగిన మధ్యేమార్గం.

ఏ పద్ధతిలోనైనా పాట నడక తేలేది మొదటి దెబ్బకు ముందు మాత్రలోనే. ఆ మాత్రలో నాయకుడు తాను నోరు తెరిచి ఊపిరి తీసుకుంటూ చేయి పైకెత్తితే, చూస్తున్నవారు తమకు తెలియకుండానే అదే వేగంతో ఊపిరి తీసుకుంటారు, పాట ఆ వేగంతోనే మొదలవుతుంది. అందుకే శ్రమదినాల పాటకు నెమ్మదితనం కావలసినప్పుడు ఆ ఒక్క ఊపిరినే నెమ్మదిగా తీసుకోవాలి. శోకగీతం పేరుతో పాటను మితిమీరి సాగదీస్తే శ్రుతి జారుతుంది, మాట చెదురుతుంది. నడక నింపాదిగా ఉండాలే తప్ప ఆగిపోకూడదు.

డోలక్, ప్యాడ్ల వంటి లయవాద్యాలను ఈ నలభై రోజులు పక్కన పెట్టడం కథోలిక నియమానికి దగ్గరగా ఉంటూనే ప్రొటెస్టెంటు సంఘాలకూ మేలు చేసే పని, ఎందుకంటే లయవాద్యం మోగుతున్నంత సేపూ బయటపడని తాళదోషాలన్నీ అది ఆగిన వెంటనే బయటపడతాయి, వాటిని సరిదిద్దుకున్న బృందం పునరుత్థాన ఆదివారం నాడు వాద్యాలు తిరిగి వచ్చినప్పుడు ఇబ్బంది పడదు.

రెండో గొంతు ఎప్పుడు

ఒక్క గొంతు పునాది అన్నంత మాత్రాన రెండో గొంతుకు చోటు లేదని కాదు. గమకం తక్కువగా ఉన్న వరుసకు ముగ్గురు నలుగురు పురుషులు ఆధారషడ్జాన్ని పెదవులు మూసి నిలబెట్టడం మొదటి మెట్టు, స్త్రీలు పల్లవి పాడగా పురుషులు చరణం అందుకోవడం రెండో మెట్టు. ఫ్రాన్సులోని తేజే ఆశ్రమ సమాజం కోసం జాక్ బెర్తియే కూర్చిన చిన్నచిన్న ఆవృత్త గీతాల వలె ఒక పాదాన్నే పదేపదే ధ్యానంగా పాడుతూ, దానిపై ఒక్కరు లేఖన వాక్యం పలకడం మూడో మెట్టు. రాగకీర్తనకు పాశ్చాత్య స్వరసమూహాలు అతికిస్తే రాగంలో లేని స్వరాలు వచ్చి చేరతాయి, నాదనామక్రియ వంటి రాగంలో ఆ తేడా మొదటి పాదంలోనే చెవికి తగులుతుంది. నాలుగు గొంతుల కూర్పు హాంబర్గ్ వంటి పాశ్చాత్య వరుసలకే పరిమితమైతే రెండు సంప్రదాయాలూ గౌరవంగా నిలుస్తాయి.

పెద్ద రచనలు కూడా ఈ సూత్రాన్ని ధిక్కరించలేదు. 51వ కీర్తనకు గ్రెగోరియో అల్లెగ్రి 17వ శతాబ్దంలో పోపు ప్రార్థనామందిరం కోసం కూర్చిన ప్రసిద్ధ రచన తొమ్మిది గొంతుల వైభవానికి పేరుపొందినా, దానిలో ఒకటి విడిచి ఒకటిగా చరణాలు సాదా ఏకగళ గానంగానే సాగుతాయి. జాన్ స్టెయినర్ 1887లో లండన్‌లోని మేరిలిబోన్ సంఘం కోసం రాసిన సిలువ కథాగానం మామూలు పారిష్ బృందాలను దృష్టిలో పెట్టుకున్నది, అందులో సంఘమంతా లేచి పాడే గీతాలను రచయిత ప్రత్యేకంగా చేర్చాడు.

శుభ శుక్రవారం, మూడు గంటలు

ఈ అభ్యాసమంతా చివరికి చేరేది శుభ శుక్రవారానికే. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానించే ఆరాధన 17వ శతాబ్దపు చివరలో పెరూలోని లిమాలో జెస్విట్ గురువు అలోన్సో మెస్సీయా ఆధ్వర్యంలో రూపుదిద్దుకుని, యూరప్‌కు చేరి, అక్కడ 1780లలో స్పెయిన్‌లోని కాదిజ్ నగరం కోసం హైడన్ చేసిన వాద్యరచనకు కారణమై, ఆంగ్లికన్ సంఘాల్లో ప్రవేశించి, వాటి నుంచి సి.ఎస్.ఐ. గుళ్లకు వచ్చింది. ఒక్కో మాటపై ఒక్కో ప్రసంగం, దాని వెంట ఒక పాట ఉంటుంది గనుక, ఏడు పాటలు కావాలి. ఈ ఏడింటినీ బృందమే కొత్తగా పాడబూనుకుంటే గొంతు అలసిపోతుంది, ఎండవేళ ఉపవాసంతో కూర్చున్న సంఘం వినేవారిగా మిగిలిపోతుంది. శ్రమదినాల పొడవునా నేర్చుకున్న ఐదు పాటలను సంఘంతో కలిసి పాడి, రెండింటిని మాత్రమే బృందానికి ఉంచడం వివేకం. ప్రసంగానికీ పాటకూ మధ్య అర నిమిషం మౌనం పాటించి, వాద్యం లేకుండా నాయకుడి శ్రుతి మీద పాట ఎత్తుకుంటే, మూడు గంటల ఆరాధనకు సరైన ఊపిరి దొరుకుతుంది.

తమిళనాడు, కర్ణాటక సరిహద్దులను ఆనుకున్న కుప్పంలో ఈ పనికి మరో పార్శ్వం ఉంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ నెలకొల్పడానికి కారణమైన బహుభాషా జీవనం గుడిలోనూ ఉంటుంది: తెలుగు పాట పాడే వరుసలో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడేవారు నిలబడతారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం ఉండడం వల్ల, పాటను ఆ లిపిలో రాసుకున్న గాయకుడి ఉచ్చారణ మిగతావారితో కలవదు. కన్నడ లిపిలో ఈ చిక్కు రాదు. అందువల్ల పాఠాన్ని లిపి మార్చి పంచేముందు గట్టిగా చదివించి, ఒత్తక్షరాలను సరిచేయించడం అక్కడి నాయకుడికి తప్పనిసరి. అదే సమయంలో, ఏడు పాటల్లో ఒకదాన్ని తమిళంలోనూ ఒకదాన్ని కన్నడంలోనూ అందరూ కలిసి నేర్చుకోవడం సరిహద్దు ఊరి సంఘానికి సహజమైన బలం.

తీర్పు, విన్నపం

శ్రమదినాల గాయక బృందాన్ని దాని పాటల కష్టాన్ని బట్టి కొలవకూడదు. శుభ శుక్రవారం మధ్యాహ్నం వెనుక వరుసలో కూర్చున్న వృద్ధుడు పుస్తకం తెరవకుండా పల్లవిలో గొంతు కలిపాడా లేదా అన్నదే సరైన కొలమానం. ఆ కొలమానం ప్రకారం సులువైన పాటను నిర్దోషంగా నేర్పిన నాయకుడే నిజమైన నాయకుడు.

ఒక పని మాత్రం వాయిదా వేయడానికి వీలులేనిది. కీర్తనల పుస్తకంలో రాగం పేరు, తాళం పేరు ఉన్నాయి, వరుస మాత్రం మనుషుల గొంతుల్లోనే ఉంది, అదీ ఊరికొక తీరుగా ఉంది. ఆ వరుసలు తెలిసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు, సెల్‌ఫోన్లో వినిపించే పాటలు వాటి స్థానంలోకి వస్తున్నాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాల గాయక బృంద నాయకులు, ప్రొటెస్టెంటు కథోలిక భేదం లేకుండా, వచ్చే సంక్రాంతి తరువాత ఒక శనివారం ఒకచోట కూడి, తమ తమ పెద్దల చేత శ్రమల కీర్తనలు పాడించి, రికార్డు చేసి, శ్రుతి, రాగం, తాళం, ఎత్తుగడలతో సహా సరిగమల్లో రాసి ఒక చిన్న పుస్తకంగా అచ్చువేయాలని ఈ ఉపన్యాసం విన్నవిస్తోంది. చాంబర్లేన్ స్మృతికి ఈ ప్రాంతం అర్పించదగిన నివాళి అదే.